చెడిన చిగుళ్ళు మరల పెరుగునా?

దంతములకు చిగుళ్ళే పెట్టనికోట. పండ్లపై పాచి పేరుకొని గారగా గట్టిపడినచో చిగుళ్ళు వాచును. తోముకొనునప్పుడు రక్తము కారును. నొప్పి అంతగా ఉండదు కనుక చాలమంది దానిని లెక్కచేయరు. ఈ దశలోనే గార తీయించి, శుభ్రత పాటించినచో చిగుళ్ళు స్వస్థపడును. ఉపేక్షించినచో వ్యాధి లోనికి దిగి, పంటిని పట్టియుంచు నారలను, ఎముకను తినివేయును. చిగురు జారి పంటివేరు బయటపడును. అట్లు పోయినది దానంతట అది తిరిగి రాదు.

దీనికి వైద్యులు కనుగొన్న ఉపాయములలో ఒకటి, శరీరమునకు సరిపడు పదార్థముతో చేసిన సన్నని జాలికను చెడినచోట ఉంచి కుట్టుట. అశోక్ చౌక్ మగ్గముల నెరిగిన మనకు ఇది సులభముగా బోధపడును. ఆ జాలిక పడుగు వంటిది. పేక వేయునవి మన శరీరములోని జీవకణములు. అవి జాలికను పట్టుకొని ప్రాకి, క్రొత్త కండను నేయును. అయితే ఈ పడుగు నేత సాగినకొలది కరగిపోవును.

ఇట్టి జాలికలు పెక్కు కొల్లాజెన్ అను మాంసకృత్తుతో చేయబడును. చర్మమునకు, చిగుళ్ళకు, ఎముకకు బలమిచ్చునది ఇదియే. మూడు పోగులు పేనిన దారము వలె దీని నిర్మాణమున్నదని 1954, 1955 సంవత్సరములలో మద్రాసున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా వెల్లడించిరి. తోళ్ళలోని ముఖ్యపదార్థమును ఇదియే యగుటచే, ఆ నగరమందలి కేంద్ర చర్మ పరిశోధనా సంస్థ దీనిపై విశేషకృషి చేసినది. ఆ సంస్థకు డైరెక్టరుగా నుండిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతపు తెలుగువారు.

మరొక చిక్కు కలదు. చిగురు పైపొర కణములు త్వరగా పెరిగి పంటివేరును ఆక్రమించును. ఎముక, నారల కణములు వెనుకబడును. నడుమ తెర యుంచినచో నెమ్మదిగా పెరుగు కణములకును చోటు దొరకునని 1982లో స్వీడనులో నైమన్ మొదలగువారు చూపిరి. తొలినాటి తెరలను తీయుటకు మరల శస్త్రచికిత్స చేయవలసి వచ్చెడిది. కరగు తెరలు వచ్చిన పిదప ఆ బాధ తప్పినది.

ఇంతమాత్రమున పోయినదంతయు తిరిగివచ్చునని భావింపరాదు. పండ్ల నడిమి ఎముక చాలవరకు కరగినచో జారిన చిగురును పూర్తిగా పూర్వస్థితికి తెచ్చుట సాధ్యము కాదు. అంగిటినుండి రోగి కండనే తీసి అతుకు పద్ధతి నేటికిని మేలైనదిగా పరిగణింపబడుచున్నది. పొగాకు వాడువారిలో ఏ చికిత్సయైనను సరిగా ఫలింపదు.

ఈ చివరిమాట మన ఇండ్లకు మిక్కిలి అవసరము. కాల్చిన పొగాకుతో చేసిన మిశ్రీని పండ్లకు, చిగుళ్ళకు రుద్దుకొను అలవాటు ఈ ప్రాంతమున చిరకాలముగా నున్నది. మన తల్లులలో అనేకులు బీడీలు చుట్టి సంసారమును నిలుపుచున్నారు. పొగాకు వారికి అన్నము పెట్టుచున్నది. చేతికి పని యగు పొగాకు నోటికి విషమగును. చిగుళ్ళను జార్చుటయే గాక నోటి పుండ్లకు, క్యాన్సరుకు దారితీయును. పెద్దల వ్రేలిని చూచియే పిల్లలు దీనిని నేర్తురు.

కావున తల్లిదండ్రులు ముందుగా తాము మిశ్రీని విడువవలెను. పిల్లలచేత ఉదయము, రాత్రి పండ్లు తోమింపవలెను. చిగుళ్ళనుండి రక్తము కనబడినచో దంతవైద్యునికి చూపవలెను. గార తీయించుటకగు వ్యయము శస్త్రచికిత్సకగు వ్యయములో స్వల్పభాగమే. తెగిన పోగును వెంటనే అతికిన నేతగాడు బట్టను కాపాడుకొనును.