కొడుకు స్టాక్‌హోమ్ వెళ్తానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి స్వీడన్‌లో ఉద్యోగం వచ్చింది. కోడలు, మూడేళ్ల మనవరాలు కూడా వెళ్తామంటున్నారు. పంపమంటారా?
– ఒక తండ్రి, పెనుగొండ

జవాబు: పంపండి మాస్టారూ. బడి, బడిలో భోజనం పిల్లలకు ఉచితం. ఇంకో బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు భత్యం. పన్నులెక్కువ, అద్దె ఇల్లు దొరకడం కష్టం.

నా బెంగల్లా మీ కోడలి గురించే. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం మూడు కాకుండానే పొద్దు గూకుతుంది. మన డాబా మీద ఆ వేళకి వడియాలు ఇంకా ఎండుతూనే ఉంటాయి. ఇంట్లో ఒంటరిగా ఉంటే ఆ చీకటి మనసును కుంగదీస్తుంది. అక్కడి గుర్తింపు సంఖ్య (పర్సనల్ నంబరు) రాగానే ఉచిత స్వీడిష్ తరగతుల్లో చేరమనండి. ఆమె కూడా ఉద్యోగం చేసుకోవచ్చు.

మీరు చూడ్డానికి వెళ్తే, షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. జూన్‌లో వెళ్లండి, రాత్రి పదింటిదాకా మనవరాలితో పార్కులో తిరగొచ్చు.