మన ఊరి సమస్య – ఎవరిని అడగాలి?

మన హాస్టల్లో చాలామందిమి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. సెలవులకు ఇంటికి పోతే వినబడేవి అవే మాటలు: మోరీ నిండింది, కరెంటు పోయింది, బస్సు వస్తలేదు. అన్నింటికీ సర్పంచ్‌నే తిడతారు. కానీ ఏ పని ఎవరిదో ముందు తెలుసుకోవాలి.

మోరీలు, వీధిదీపాలు, చెత్త గ్రామ పంచాయతీ పని. బస్సు కోసం ఆర్టీసీ డిపో మేనేజర్‌కు రాయాలి. ఈ మూడు పట్టణాల్లోనూ డిపోలున్నాయి. కరెంటు జగిత్యాల, కోరుట్ల వైపు ఎన్‌పీడీసీఎల్ ఇస్తుంది. సిరిసిల్ల వైపు 1970లో ఏర్పడిన సహకార సంఘం 'సెస్' ఇస్తుంది. దాని పాలకవర్గాన్ని ఎన్నుకునే హక్కు సభ్యులైన వినియోగదారులదే.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఇంగ్లండు పల్లెల్లోనూ 1894 చట్టంతో పారిష్ కౌన్సిళ్లు వచ్చాయి. అక్కడ ఓటర్ల సభ ఏటా జరుగుతుంది. ఎక్కడైనా నోటిమాట గాలికి పోతుంది, కాగితం నిలుస్తుంది.

కాబట్టి దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. అది ఏమైందో 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

మిత్రులారా! ఈ సెలవుల్లో మీ వాడకట్టు కోసం ఒక్క దరఖాస్తు రాయండి. చదువుకున్న మనమే రాయకపోతే, చదువురాని మన అవ్వ తాతల తరఫున ఎవరు రాస్తారు?