తుపానుకు ముందే రేడియో

అది కోనసీమలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఊళ్లో మగవాళ్ళు వేటకు వెళతారు. ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు. మిగిలినవి ఎండబెడతారు. ఊళ్లో ఆడవాళ్ళ పొదుపు సంఘం ఒకటి ఉంది. అందులో 12 మంది సభ్యులు.

వినాయక చవితి వెళ్ళింది. సంఘం మీటింగు జరుగుతోంది. లీడరు ఒక మాట ఎత్తింది.

“తుపాన్ల కాలం దగ్గర పడింది. సంఘానికి ఒక రేడియో కొందామా?”

కొందరు నవ్వారు.

“ఈ రోజుల్లో రేడియో ఏంటక్కా? ఇంటింటికీ ఫోను ఉంది. టీవీ ఉంది” అంది ఒకామె.

“కరెంటు ఉంటేనే టీవీ. టవరు ఉంటేనే ఫోను” అంది లీడరు. “2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద హుద్‌హుద్ తుపాను పడింది. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. ఫోను టవర్లు పనిచేయలేదు. అంత పెద్ద పట్నంలోనే చాలామందికి రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను మోగలేదు. ఇక మన ఊరి సంగతి చెప్పాలా?”

ఎవరూ మాట్లాడలేదు. మూలన కూర్చున్న మామ్మ మెల్లగా గొంతు సవరించుకుంది.

“మా ఇంట్లో రేడియో ఉండేది” అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“1996లో సంగతి. తుపాను వస్తోందని రేడియోలో చెప్పారట. మా రేడియో మాత్రం పలకలేదు. అందులో బ్యాటరీలు లేవు. రొయ్యల చెరువు కాపలాకి టార్చిలైటులో వేసుకున్నారు. మళ్ళీ కొందాంలే అనుకున్నాం. ఆ పొద్దున్నే మా పెద్దాడు వేటకెళ్ళాడు. చిన్నాడు అప్పటికి చంటోడు. పెద్దాడు మళ్ళీ రాలేదు.”

మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

1996 నవంబరు 6 రాత్రి ఆ తుపాను కోనసీమను తాకింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో జాలర్లు ఎందరో ఉన్నారు. కొబ్బరి తోటలు నేలకొరిగాయి. అంతకు ముందు 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చింది. సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయి. తుపానును ఎవరూ ఆపలేరు. కానీ కబురు ముందుగా అందితే ప్రాణాలు కాపాడుకోవచ్చు.

“రేడియో కొందాం” అన్నారు అందరూ. “బ్యాటరీలు కూడా కొందాం” అంది మామ్మ.

ఒక్కొక్కరు 75 రూపాయలు వేసుకున్నారు. 12 మందికి 900 రూపాయలు అయింది.

కొట్టులో మూడు రేడియోలు

లీడరు, మామ్మ, మామ్మ చిన్నకోడలు కలిసి అమలాపురం వెళ్ళారు. లీడరు పదో తరగతి దాకా చదివింది. కోడలు కిందటి ఏడే రాత్రి బడిలో చదువు నేర్చింది. ఇప్పుడు బస్సు మీద పేరు చదువుతుంది. అంకెలు చదువుతుంది.

కొట్టాయన మూడు రేడియోలు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది అరచేతిలో పట్టేంత చిన్నది. ధర 400 రూపాయలు. అందులో ఎఫ్.ఎం. ఒక్కటే వస్తుంది. బ్యాటరీ లోపలే ఉంటుంది. కరెంటుతో చార్జింగు పెట్టుకోవాలి.

రెండోది ఇటుక రాయంత ఉంది. ధర 720 రూపాయలు. అందులో ఎఫ్.ఎం., మీడియంవేవ్, షార్ట్‌వేవ్ మూడూ ఉన్నాయి. మూడు పెద్ద బ్యాటరీలు వేయాలి.

మూడోది తళతళ మెరుస్తోంది. ధర 1,600 రూపాయలు. దానికి లైటు ఉంది. చేత్తో తిప్పే పిడి ఉంది. ఎండకు చార్జింగు ఎక్కే పలక ఉంది.

“ఇది తీసుకోండమ్మా. తొమ్మిది బ్యాండ్లండి. ప్రపంచమంతా పలుకుద్ది” అన్నాడు కొట్టాయన.

లీడరు రేడియో చేతిలోకి తీసుకుంది. దాని మీద రాసిన అక్షరాలు లీడరు చదివింది. అంకెలు కోడలు చదివింది.

“ఎఫ్.ఎం. ఒకటి. మీడియంవేవ్ ఒకటి. షార్ట్‌వేవ్ 1, 2, 3, 4, 5, 6, 7. అక్కా, తొమ్మిదిలో ఏడు షార్ట్‌వేవేనే!” అంది కోడలు.

అవును. ఒక్క షార్ట్‌వేవ్‌నే ఏడు ముక్కలు చేశారు. ముక్కలు చేస్తే స్టేషను పట్టుకోవడం కొంచెం తేలిక. అంతేగాని బ్యాండ్లు ఎక్కువైతే రేడియో మంచిదని కాదు.

ఏ బ్యాండు ఏం చేస్తుంది?

ఎఫ్.ఎం.లో మాట శుభ్రంగా వినిపిస్తుంది. కానీ ఎక్కువ దూరం పోదు. స్టేషను బలాన్ని బట్టి మామూలుగా యాభై, అరవై కిలోమీటర్ల దాకా వినవచ్చు. డయలు మీద 88 నుంచి 108 దాకా అంకెలు ఉంటాయి.

మీడియంవేవ్ ఇంకా దూరం పోతుంది. రాత్రి పూట మరీ దూరం నుంచి వస్తుంది. కానీ గరగర ఉంటుంది. ఉరుములు ఉరిమితే ఆ గరగర పెరుగుతుంది.

షార్ట్‌వేవ్ అన్నిటికంటే దూరం పోతుంది. ఆకాశంలో చాలా ఎత్తున ఒక పొర ఉంది. షార్ట్‌వేవ్ ఆ పొరకు తగిలి మళ్ళీ నేల మీదికి వస్తుంది. గోడకు కొట్టిన బంతి తిరిగి వచ్చినట్టన్నమాట. అలా వేల కిలోమీటర్లు పోగలదు.

మరి షార్ట్‌వేవ్ ఉంటే చాలా? చాలదు. ఒకప్పుడు షార్ట్‌వేవ్ స్టేషన్లు చాలా ఉండేవి. ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. మీడియంవేవ్ స్టేషన్లు కూడా కొన్ని మూతపడ్డాయి. అందుకని షార్ట్‌వేవ్‌లో తెలుగు వార్తలు వస్తాయని నమ్ముకుని డబ్బు పోయకూడదు. రోజూ వినేది ఎఫ్.ఎం., మీడియంవేవ్. షార్ట్‌వేవ్ ఉంటే మంచిదే. దాని కోసం రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు.

“ఎఫ్.ఎం. ఒక్కటే ఉంటే చాలదా? 400కే వస్తుంది కదా” అని మామ్మ అడిగింది.

“గాలికి దగ్గర్లో ఉన్న స్టేషను టవరు కూడా పడిపోవచ్చు మామ్మా” అంది లీడరు. “అప్పుడు దూరపు స్టేషను దొరకాలి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉండాలి.”

బ్యాటరీ సంగతి

మొదటి రేడియోకి చార్జింగు పెట్టాలి. కరెంటు పోతే చార్జింగు ఉండదు. అంటే సరిగ్గా తుపాను నాడు అది మూగబోతుంది.

మూడో రేడియోకి పిడి ఉంది. కాసేపు తిప్పితే కాసేపు పలుకుతుంది. అది మంచిదే. కానీ కోడలు నాలుగు సార్లు తిప్పేసరికి పిడి వదులుగా ఊగింది. ఎండ పలక ఉంది. తుపాను మబ్బులో ఎండ ఎక్కడిది?

రెండో రేడియోకి పెద్ద బ్యాటరీలు. అవి పెన్సిల్ బ్యాటరీల కంటే ఎక్కువ కాలం వస్తాయి. ఊళ్లో కిరాణా కొట్టులో దొరుకుతాయి. ఏ రేడియో కొన్నా ఈ మాట ముందు అడగాలి: దీని బ్యాటరీలు మన ఊళ్లో దొరుకుతాయా?

లీడరు రెండో రేడియో తీసుకుంది. “మా ఊళ్లో పలక్కపోతే వారం లోపు వెనక్కి తీసుకోవాలండి. ఆ మాట బిల్లు మీద రాయండి” అంది. కొట్టాయన కాసేపు నసిగాడు. చివరికి రాశాడు. కోడలు ఆ బిల్లు చదివి చూసి, మడిచి రవికలో పెట్టుకుంది.

రేడియో 720 రూపాయలు. ఆరు బ్యాటరీలు 180 రూపాయలు. మొత్తం 900 రూపాయలు. మూడు బ్యాటరీలు రేడియోకి. మూడు దాచడానికి.

ఇంటికి తెచ్చి చూడాలి

కొట్టులో పలికిన రేడియో ఊళ్లో పలక్కపోవచ్చు. అందుకని సంఘం వాళ్ళు మూడు చోట్ల పెట్టి చూశారు. లీడరు ఇంట్లో చూశారు. ఒడ్డున చూశారు. తుపాను షెల్టరులో చూశారు. షెల్టరు గోడల్లో ఇనుప ఊచలు ఉంటాయి. లోపల రేడియో సరిగా పలకలేదు. కిటికీ దగ్గర పెడితే బాగా పలికింది.

పగలు చూశారు. రాత్రి చూశారు. వాళ్ళకు కొన్ని సంగతులు తెలిశాయి.

ఎఫ్.ఎం. సరిగా రాకపోతే ఏరియలు కడ్డీ పైకి లాగాలి. అటూ ఇటూ వంచి చూడాలి.

మీడియంవేవ్ సరిగా రాకపోతే కడ్డీ లాగి లాభం లేదు. దాని ఏరియలు రేడియో లోపలే ఉంటుంది. రేడియోనే మెల్లగా పక్కకు తిప్పి చూడాలి.

షార్ట్‌వేవ్‌కి ఏరియలు కడ్డీకి నాలుగైదు గజాల వైరు తగిలిస్తే ఇంకా బాగా వస్తుంది. కానీ ఉరుములు, మెరుపులు మొదలైతే ఆ వైరు తీసేయాలి. వైరును కరెంటు తీగల దగ్గరికి పోనివ్వకూడదు.

స్టేషను దొరికిన చోట కోడలు ఒక పని చేసింది. నుదుటి మీద బొట్టుబిళ్ళ తీసి డయలు మీద అంటించింది. ఎఫ్.ఎం.కి ఎర్ర బిళ్ళ. మీడియంవేవ్‌కి పచ్చ బిళ్ళ. ఇక చీకట్లో దీపం వెలుగులోనైనా, చదువు రాని వాళ్ళయినా ముల్లును బిళ్ళ దగ్గరికి తిప్పుకోవచ్చు.

రేడియోలో ఏం వినాలి?

తుపాను ఎక్కడ తీరం దాటుతుందో వినాలి. ఎప్పుడు దాటుతుందో వినాలి. గాలి వేగం ఎంతో వినాలి. ఉప్పెన వస్తుందా, వేటకు వెళ్లవచ్చా అన్నది వినాలి.

ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరికల నెంబర్లు ఎగరేస్తారు. అవి 1 నుంచి 11 దాకా ఉంటాయి. నెంబరు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. 8, 9, 10 నెంబర్లు చాలా పెద్ద ప్రమాదానికి గుర్తు. 11 అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని అర్థం.

ఇంకొక సంగతి. ఒక్కోసారి హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆకాశం తేటపడుతుంది. తుపాను పోయిందనుకుని జనం బయటికి వస్తారు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి రెండో వైపు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. తుపాను పూర్తిగా దాటిందని రేడియోలో చెప్పేదాకా షెల్టరు వదలకూడదు.

మామ్మ ఒడ్డుకు వెళ్ళింది

రేడియో లీడరు ఇంట్లో ఉంటుంది. దాన్ని టీకొట్టుకు ఇవ్వకూడదని సంఘం తీర్మానం చేసింది. బ్యాటరీలు టార్చిలైటులో వేయకూడదని కూడా రాసుకున్నారు. అది మామ్మ చెప్పిన షరతు. నెలకు ఒకసారి రేడియో పెట్టి చూస్తారు. ఆ తరువాత బ్యాటరీలు బయటికి తీసి పెడతారు. లోపలే ఉంచేస్తే అవి కారి రేడియో పాడవుతుంది. రేడియోనీ బ్యాటరీలనీ ఒకే ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి, అటక మీద ఉంచుతారు. తుపాన్ల కాలంలో మాత్రం రోజూ వార్తలు వింటారు. విన్నామె ఐదిళ్ళకు చెప్పాలి.

కార్తీక మాసంలో ముసురు పట్టింది. రాత్రి నుంచి కరెంటు లేదు. ఫోన్లలో చార్జింగు అయిపోయింది. తెల్లవారుజామున కోడలు ఎర్ర బిళ్ళ దగ్గరికి ముల్లు తిప్పింది. వాయుగుండం బలపడుతోందని, జాలర్లు వేటకు వెళ్లవద్దని వార్తల్లో చెప్పారు.

మామ్మ కర్ర పట్టుకుని ఒడ్డుకు నడిచింది. చిన్నకొడుకు పడవలో వల సర్దుతున్నాడు.

“ఒరే, పడవ పైకి లాగు. రేడియోలో చెప్పారు” అంది.

“ఈ చినుకులకేనా అమ్మా? ఒక్క రోజు వేట పోతే ఎంత నష్టమో తెలుసా?” అన్నాడు కొడుకు.

“నాకు తెలీదేంట్రా?” అంది మామ్మ.

కొడుకు తల్లి ముఖం చూశాడు. ఇంకేమీ అనలేదు. పడవ పైకి లాగాడు. అది చూసి మిగతా పడవలు కూడా ఆగాయి.

ఆ వాయుగుండం వేరే వైపు మళ్ళిపోయింది. ఊళ్లో వాన తప్ప ఏమీ పడలేదు. “ఉత్త పుణ్యానికి వేట పోగొట్టారు” అని కొందరు సణిగారు.

“వేట రేపుంటుంది” అంది మామ్మ. రేడియోలోంచి బ్యాటరీలు తీసి, లెక్కపెట్టి, కవరులో పెట్టింది.

గుర్తుంచుకోండి

1. ఫోను అవసరమే. కానీ టవరు పడితే ఫోను పలకదు. రేడియో కూడా ఉండాలి.
2. ఎఫ్.ఎం., మీడియంవేవ్ రెండూ ఉన్న రేడియో కొనండి. షార్ట్‌వేవ్ ఉంటే ఇంకా మంచిది.
3. మీ ఊళ్లో దొరికే బ్యాటరీలతో నడిచేది కొనండి. ఇంకో జత దాచుకోండి.
4. బిల్లు తీసుకోండి. ఇంటి దగ్గర పలుకుతుందో లేదో చూడండి.
5. గాలి లేవకముందే కొనండి. వాడి నేర్చుకోండి.

చర్చించండి

1. మామ్మ ఇంట్లో రేడియో ఎందుకు పలకలేదు?
2. మూడో రేడియో ఖరీదు ఎక్కువ. సంఘం వాళ్ళు దాన్ని ఎందుకు తీసుకోలేదు?
3. మీ ఊళ్లో రేడియోలో ఏ స్టేషన్లు వస్తాయి? పగలు, రాత్రి విని రాయండి.
4. మీ ఊళ్లో తుపాను కబురు ఆడవాళ్ళకు ఎలా అందుతుంది? ఎవరికి అందడం లేదు?
5. మీ సంఘంలో 15 మంది ఉన్నారు. రేడియోకి, బ్యాటరీలకి 900 రూపాయలు కావాలి. ఒక్కొక్కరు ఎంత వేసుకోవాలి?