నీ కేసు నువ్వే రాయి

అమ్మాయీ,

"జిల్లా ఆసుపత్రిలో చేసేవన్నీ మామూలు ఆపరేషన్లే మావయ్యా, పదిమందికీ రాసి చెప్పడానికి ఏముంది?" అని అడిగావు. చాలా ఉంది.

1794 అక్టోబరులో లండన్‌లోని 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' ఒక లేఖ అచ్చు వేసింది. టిప్పు సుల్తాన్‌తో యుద్ధంలో ఇంగ్లీషు సేనకు ఎడ్లు తోలే కావస్జీ పట్టుబడితే ముక్కూ, ఒక చెయ్యీ కోసేశారు. ఏడాది తర్వాత పుణె దగ్గరి కుమ్మరి ఒకాయన అతనికి కొత్త ముక్కు అమర్చాడు. లేఖలో పొగడ్త తక్కువ, పనితనం ఎక్కువ. మొండి ముక్కు మీద పల్చటి మైనపు రేకు సరిచూసి, దాన్ని నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీశాడు. కనుబొమల మధ్య చిన్న పట్టీ తెగకుండా ఉంచి మిగతా చర్మం ఒలిచి కిందికి తిప్పాడు. కొత్త ముక్కు అతుక్కునేదాకా దానికి నెత్తురు అందేది ఆ పట్టీ గుండానే. కాచు పూసిన గుడ్డ పీలికలతో కట్టు, నాలుగు రోజులయ్యాక నేతి గుడ్డలు, సుమారు ఇరవై అయిదో రోజున పట్టీ కోత. ఏదీ వదల్లేదు.

ఆ పద్ధతి పట్టుకుని ఇంగ్లీషు సర్జన్ జోసెఫ్ కార్ప్యూ శవాల మీద సాధన చేశాడు. 1814లో లండన్‌లో ఆ ఆపరేషన్ చేశాడు. 1816లో తన రెండు కేసులూ పుస్తకంగా వేశాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టడం నేటికీ ఉంది.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. కావస్జీ పేరూ బొమ్మా అచ్చయ్యాయి, చేసిన కుమ్మరి పేరు మాత్రం లేదు. నువ్వు దీన్ని తిరగెయ్యి. రోగి పేరు, ఊరు, ముఖం బయటపడకూడదు. అనుమతి కాగితం తప్పక తీసుకో. చేసిన చేతి పేరు మాత్రం ఉండాలి. చెడిన కేసుకైతే మరీనూ. బోస్టన్‌లో సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ తన సొంత ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా చూసిన 337 మంది ఫలితాలు అచ్చు వేశాడు, 123 పొరపాట్లతో సహా. తోటి సర్జన్లకు అది రుచించలేదు. ఆయన ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

నువ్వు చేశాక చీము పట్టిన హెర్నియా కేసు ముందు రాయి. ఏ మెష్ (వల) వేశావు, జ్వరం ఎన్నోనాడు వచ్చింది, కుట్లు విప్పితే లోపల ఏం కనిపించింది, మెష్ తీసేయాలని ఎప్పుడు అనిపించింది. అచ్చుకు పంపేముందు నాకు చూపించు, రాత్రి కూర్చుని దిద్ది పంపుతాను.

మీ మావయ్య