జారిన గర్భసంచి, మానని పుండు

గర్భసంచి జారడం చాలామంది ఆడవాళ్ళకు తెలిసిన బాధే. ఎక్కువ కాన్పులైన వాళ్ళకు వస్తుంది. కాన్పు కష్టమై గంటల తరబడి ముక్కిన వాళ్ళకు వస్తుంది. పచ్చి బాలింతగా ఉన్నప్పుడే బరువులు మోసిన వాళ్ళకూ వస్తుంది. ముట్టు ఆగిపోయాక ఇంకా కిందికి దిగుతుంది. మొదట్లో ఏదో బరువుగా ఉన్నట్టు ఉంటుంది. తర్వాత దగ్గినప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు చేతికి తగులుతుంది. కొందరికి పూర్తిగా బయటికే వచ్చేస్తుంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పరు. పాత చీర ముక్క కట్టుకుని పనికి పోతారు. నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, నీళ్ళు మోస్తారు. సిగ్గు ఒకటి. "ఈ వయసులో నాకెందుకు ఖర్చు" అనే మాట ఇంకొకటి. ఆ రెండో మాటే ఎక్కువమందిని ఆసుపత్రికి పోకుండా ఆపుతుంది.

బయటికి వచ్చిన గర్భసంచి బట్టకు, తొడలకు రాసుకుంటుంది. ఎండిపోయి పుండు పడుతుంది. ఇలాంటి పుళ్ళు చాలావరకు రాపిడి పుళ్ళే. డాక్టరమ్మ సంచిని లోపలికి నెట్టి, మందు గుడ్డ పెట్టి నిలిపితే కొన్ని వారాల్లో మానిపోతాయి. కానీ అన్నీ రాపిడి పుళ్ళు కావు. అరుదుగా క్యాన్సర్ కూడా ఉంటుంది. పెద్దవాళ్ళు రాచపుండు అనేది దాన్నే. పైకి రెండూ ఒకేలా కనబడవచ్చు. డాక్టరు కంటికి కూడా.

ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళు ఇలా మాట్లాడుకున్నారు. అత్తకు అరవై దాటాయి. ముట్టు ఆగి పదేళ్ళ పైనే అయింది.

"అత్తమ్మా, ఈ గుడ్డ మీద నెత్తురు మరక ఏంటి?"

"ఏం లేదులే అమ్మాయ్. రాసుకుని చీరుకుపోయింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సంక్రాంతి నాటి నుంచి."

"ఉగాది కూడా దాటింది. వాసన కూడా వస్తోంది. మామూలు పుండయితే ఈపాటికి మానాలి కదా?"

"సంచి తీసేస్తే పీడ పోతుందంట. టౌన్లో డాక్టరు రేపే కోస్తానన్నాడు. మీ మామ అడిగొచ్చాడు."

"చూడకుండానే కోస్తాడా? ముందు పరీక్ష చేయనీ అత్తమ్మా!"

కోడలు అన్నదే సరైన మాట. జారిన సంచిని తీసే మామూలు ఆపరేషన్ వేరు. క్యాన్సర్ ఉన్న సంచిని తీసే ఆపరేషన్ వేరు. క్యాన్సర్ అయితే సంచి మూతి చుట్టూ ఉన్న కండను, లోపలి బిళ్ళలను కూడా తీయాల్సి రావచ్చు. తెలియక సంచి ఒక్కటే తీస్తే రోగం లోపల మిగిలిపోవచ్చు. తర్వాత దాన్ని పట్టుకోవడం కష్టం. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే కనబడ్డారు. "తీసేస్తే పీడ పోతుంది" అనే మాట మన ఊళ్ళలో అంత తేలిగ్గా చెల్లుతోంది.

సంచి జారడం వల్ల క్యాన్సర్ రాదు. దాదాపు ప్రతి గర్భసంచి మూతి క్యాన్సర్‌కూ మూలం హెచ్.పి.వి. అనే వైరస్. అది మగవాళ్ళ నుంచి ఆడవాళ్ళకు, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు కలయికలో అంటుకుంటుంది. చాలామందిలో దానంతట అదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి ఉండిపోయి క్యాన్సర్ అవుతుంది. ఒక్క మొగుడితోనే కాపురం చేసిన ఇల్లాలికీ రావచ్చు. నడవడిని తప్పుపట్టే పని లేదు.

పరీక్ష పెద్దదేమీ కాదు. పుండు నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. దీన్నే బయాప్సీ అంటారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు.

ఆ అత్తకు క్యాన్సర్ అనే తేలింది. అప్పుడు అది ఎంత దూరం పాకిందో స్కానింగ్‌లో చూశారు. చిన్నగా ఉన్నప్పుడు ఆపరేషన్ చేస్తారు. ఆమెకు అప్పటికే పక్కలకు పాకింది. అందుకని కరెంటు పెట్టాలన్నారు. కరెంటు అంటే నిజంగా కరెంటు కాదు, కిరణాల వైద్యం. వారానికి 5 రోజులు, సుమారు 5 వారాలు పెడతారు. వారానికి ఒకసారి సెలైన్‌లో సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కిస్తారు. ఆ తర్వాత లోపలి నుంచి కూడా కిరణాలు ఇస్తారు.

ఇక్కడ జారిన సంచితో ఒక చిక్కుంది. కిరణాలు గురిపెట్టిన చోటే పడాలి. సంచి ఇవాళ లోపల, రేపు బయట ఉంటే గురి తప్పుతుంది. రోగానికి తగలాల్సింది మూత్రసంచికో, పేగుకో తగులుతుంది. అందుకే ముందుగా సంచిని లోపలికి నెట్టి, రింగు గానీ గుడ్డ గానీ పెట్టి నిలుపుతారు. ఆ అత్తకు రింగు పెట్టారు. రెండో వారంలో అది జారింది. ఆమె సిగ్గుపడకుండా కరెంటు గదిలోని నర్సమ్మకు చెప్పింది. ఆ రోజు కరెంటు ఆపి, రింగు సరిచేశాకే మళ్ళీ పెట్టారు. చెప్పకుండా బల్ల ఎక్కి ఉంటే ఆ పూట వైద్యం వృథా అయ్యేది.

ఇంకో సంగతి. బాగా జారిన సంచి మూత్రం గొట్టాలను లాగిపట్టవచ్చు. క్యాన్సర్ కూడా వాటిని నొక్కవచ్చు. అప్పుడు మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాబట్టి రక్తపరీక్ష చూశాకే సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తారు.

ఈ రెండు జబ్బులూ కలిసి రావడం అరుదు. అందరికీ ఒకటే వైద్యం అని లేదు. ఆపరేషన్ చేసే డాక్టరు, కరెంటు పెట్టే డాక్టరు ఇద్దరూ ఉన్న ఆసుపత్రికి పోవడం మంచిది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ వైద్యం ఉంది. పథకం పేర్లు ప్రభుత్వాలను బట్టి మారుతుంటాయి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే ఏ కార్డు కావాలో చెబుతారు.

పోయే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోవాలి. నెత్తురు ఎప్పటి నుంచి కనబడుతోంది? ముట్టు ఆగి ఎన్నేళ్ళయింది? పుండు ఎన్ని వారాల నుంచి ఉంది? ఇంతకు ముందు ఏ మందులు వాడారు? ముక్క పరీక్ష కాగితం వచ్చాక దాన్ని పోగొట్టుకోకూడదు. ఆ కాగితం చేతికి రాకుండా సంచి తీయడానికి ఒప్పుకోకూడదు. చాలాసార్లు అది ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం కాని మాట కింద గీత గీసి, దాని అర్థం డాక్టరమ్మ చేత తెలుగులో రాయించుకోవాలి.