బాక్టీరియాను హరించే వైరస్‌లు

శత్రువుకు శత్రువు మిత్రుడని లోకోక్తి. సూక్ష్మజీవుల ప్రపంచంలో ఈ మాట కొంతవరకే చెల్లుతుంది.

మన చర్మంపైన, ముక్కుపుటాలలో నివసించే బాక్టీరియాలలో స్టెఫైలోకాకస్ ఒకటి. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తి వలె కనిపించడం చేత దానికి ఆ పేరు వచ్చింది. బంగారు ఛాయలో పెరిగే జాతికి 1884లో రోసెన్‌బాక్ ‘ఆరియస్’ అని పేరు పెట్టాడు. సెగ్గడ్డలు మొదలు ప్రాణాంతకమైన రక్తదోషం వరకు అనేక రుగ్మతలకు ఇది కారణం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వం వహించిన లెడర్లీ పరిశోధనాలయం నుండి 1948లో వెలువడిన ఔషధం పేరు ‘ఆరియోమైసిన్’. రోగకారికీ, మందుకూ బంగారం పేరే అమరడం విచిత్రం! అయితే బాక్టీరియా మందులను తట్టుకోవడం నేర్చుకుంది. 1959లో వచ్చిన మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ 1961 నాటికే ఇంగ్లాండులో బయటపడింది.

అందుచేత శాస్త్రజ్ఞుల దృష్టి ఒక పాత ఆయుధంపైకి మళ్ళింది. 1915లో లండనులో ఫ్రెడరిక్ ట్వార్ట్ మశూచి టీకా పదార్థాన్ని పరిశీలిస్తుండగా, అందులో చేరిన గుండ్రని బాక్టీరియా సమూహాలు గాజువలె పారదర్శకమై కరిగిపోయాయి. అట్లా కరిగించే వైరస్‌కు 1917లో ఫెలిక్స్ డెరెల్ ‘బాక్టీరియోఫేజ్’, అనగా బాక్టీరియాభక్షకం, అని నామకరణం చేశాడు. 1921లో బెల్జియం వైద్యులు దీనితో స్టెఫైలోకాకస్ గడ్డలకు చికిత్స చేశారు.

దీనిని ఎట్లా వెదుకుతారు? విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చేరువనున్న మద్దిలపాలెంలోని ఒక మురుగుకాలువ నుండి కొంత నీరు తెచ్చారనుకోండి. బాక్టీరియా దూరలేని వడపోత గుండా ఆ నీటిని పంపుతారు. వైరస్‌లు మాత్రం దాటిపోతాయి. ఆ నీటిని స్టెఫైలోకాకస్‌తోను, పలుచని అగార్‌తోను కలిపి పళ్ళెంలో పోస్తారు. మరునాటికి పళ్ళెమంతా బాక్టీరియా పొరతో మసకబారుతుంది. అందులో ఎక్కడెక్కడ తేటమచ్చలు కనిపిస్తే, అక్కడక్కడ ఒక్కొక్క వైరస్ తన సంతతిని పెంచుకొని చుట్టూ ఉన్న బాక్టీరియాను పగులగొట్టిందన్నమాట. మచ్చలను లెక్కిస్తే వైరస్‌ల సంఖ్య తెలుస్తుంది.

ఒక్కొక్క వైరస్ కొన్ని రకాల స్టెఫైలోకాకస్‌నే చంపగలదు. ఈ పట్టింపే వైద్యులకు మరొక విధంగా అక్కరకు వచ్చింది. ఆసుపత్రిలో పలువురి పుండ్లు చీము పట్టినప్పుడు, అందరికీ సోకినది ఒకే రకమా, వేర్వేరా అని ప్రామాణిక వైరస్‌లతో పరీక్షించి తేల్చేవారు. ఇందుకోసం ఢిల్లీలోని మౌలానా ఆజాద్ వైద్య కళాశాలలో జాతీయ కేంద్రమే వెలసింది. ఇప్పుడు ఆ పనిని చాలావరకు జన్యుపరీక్షలు చేస్తున్నాయి.

ఇక మిత్రత్వానికి గల హద్దు. కొన్ని వైరస్‌లు బాక్టీరియాను వెంటనే చంపక, తమ జన్యుపదార్థాన్ని దాని జన్యువులలో దాచి, దానితోపాటే తరతరాలు కొనసాగుతాయి. అట్లా దాగిన కొన్నింటిలో, మన రక్తంలోని తెల్లకణాలను ఛేదించే విషాన్ని తయారుచేసే జన్యువులు ఉంటాయి. చంపవలసినదే శత్రువుకు ఆయుధం అందించినట్లయింది! కనుక చికిత్సకు ఎంచుకొనే వైరస్ జన్యుక్రమాన్ని మొదట పూర్తిగా చదివి, అటువంటి జన్యువులు లేవని నిర్ధారించుకుంటారు. ఆ తరువాత కూడా రోగి పుండు నుండి తీసిన బాక్టీరియాపై దానిని పరీక్షించాలి. ఒక రోగికి పనిచేసిన వైరస్ పక్క మంచం మీది రోగికి పనిచేయకపోవచ్చు.