తెగిందెప్పుడు, తెలిసిందెప్పుడు

సంగం

అబ్బయా,

పొద్దున్నే సైటు తెరిచిన మొదటి మనిషికి ‘మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే’ అని వస్తుంది. పేజీ మళ్లీ తెరిస్తే ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. ఇలాంటప్పుడు ఎర్రర్ చూపిన క్వెరీని పట్టుకుని తవ్వుతూ కూర్చోవద్దు. కనెక్షన్ తెగిన వేళ వేరు, తెగిందని తెలిసిన వేళ వేరు. మన సంగం బ్యారేజీ దగ్గర గేటు దించితే, కనిగిరి రిజర్వాయరు కింద చివరి మడి రైతుకు ఆ సంగతి ఎప్పటికో గానీ తెలియదు. ఆయన తన మడి గట్టు తవ్వుకుంటే ఏం లాభం? అందుకే ముందు చూడవలసింది, ఆ ఎర్రర్‌కు ముందు కనెక్షన్ ఎంతసేపు ఊరకుంది అన్నది.

మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమౌట్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు పని లేకుండా ఉన్న కనెక్షన్‌ను సర్వరే మూసేస్తుంది. తప్పు తెల్లవారుజామున మాత్రమే కనబడితే అనుమానం దీని మీదే. అట్లా కాకుండా మధ్యాహ్నం భోజనాల వేళ సద్దుమణిగాక కూడా వస్తుంటే, దారి మధ్యలో ఎవరో తెంపుతున్నారు. అమెజాన్ క్లౌడ్‌లోని నాట్ గేట్‌వే 350 సెకన్లు ఊరకున్న కనెక్షన్‌ను మరిచిపోతుంది. లైనక్స్‌లో కీప్‌అలైవ్ పెట్టుకున్నా, మొదటి పలకరింపు మామూలుగా 7,200 సెకన్లకు గానీ పోదు. అప్పటికి పలకరించడానికి అవతల ఏముంటుంది? ఊహతో పని లేదు. ఒక కనెక్షన్ తెరిచి 5 నిమిషాలాగి ఒక చిన్న క్వెరీ పంపు, ఇంకొకటి తెరిచి 6 నిమిషాలాగి పంపు. మొదటిది పలికి రెండోది తెగితే, ఆ 350 సెకన్ల గేటు దొరికినట్టే.

వెయిట్ టైమౌట్ పెంచేస్తే సరిపోదా అంటావు. మధ్యలో ఉన్న గేట్‌వే ఆ మాట వినదు. పైగా పని లేని కనెక్షన్లు పేరుకుని, ఒకరోజు ‘టూ మెనీ కనెక్షన్స్’ అని వేరే గోల మొదలవుతుంది. దానికన్నా, కనెక్షన్లను తెరిచి ఉంచి పదే పదే వాడుకునే పూల్‌లో ఒక్కో కనెక్షన్ ఆయుష్షును దారిలోని అన్నిటికన్నా చిన్న గడువు కంటే తగ్గించు. జావా వాళ్లు వాడే హికారీ పూల్‌లో ఆ ఆయుష్షు మామూలుగా 30 నిమిషాలు. 350 సెకన్ల దారిలో అది మరీ ఎక్కువ.

అన్నిటికీ ఊరకుండటమే కారణమని మాత్రం అనను. మరీ పెద్ద ఫైలును ఒకేసారి డేటాబేస్‌లోకి తోసినా అదే ‘గాన్ అవే’ వస్తుంది. మెమరీ చాలక లైనక్స్ డేటాబేస్‌నే చంపేసినా అంతే. అది సిస్టమ్ లాగ్‌లో కనబడుతుంది.

తెగితే మళ్లీ పంపితే పోలా అనేవాళ్లూ ఉన్నారు. చదివే క్వెరీకైతే సరే. డబ్బు జమచేసే క్వెరీ మధ్యలో తెగితే మటుకు, పని అయ్యాక జవాబు దారిలో పోయిందా, అసలు పనే కాలేదా నీకు తెలియదు. కళ్లు మూసుకుని మళ్లీ పంపితే రెండుసార్లు జమవుతుంది. ప్రతి లావాదేవీకీ ఒక ప్రత్యేక నంబరు పెట్టి, ఆ నంబరు రెండోసారి వస్తే డేటాబేసే తోసిపుచ్చేట్టు చేశాకే రీట్రై జోలికి పో.

ముందు ఆ 5, 6 నిమిషాల పరీక్ష చేసి, లాగ్ టైములతో సహా నాకు పంపించు.